92 వేల రూపాయల సైకిల్ పార్టులు కొనేముందు మీ చక్రం ఎక్కడ తిరుగుతోందో చూడండి

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. నాకు 32 ఏళ్లు. రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌ని. చేతికి 42 వేలు వస్తుంది. అమ్మ మందులతో కలిపి ఇంటి ఖర్చు 24 వేలు. లక్ష రూపాయల చీటీకి నెలకి 5 వేలు కడుతున్నాను, ఇంకో 6 నెలలు ఉంది. పాప పుట్టినప్పుడు తీసుకున్న 1,20,000 గోల్డ్ లోన్ మీద నూటికి రూపాయి వడ్డీ. బ్యాంకులో 45 వేలు ఉన్నాయి. మూడేళ్ల క్రితం 34 వేలకు కొన్న మౌంటెన్ బైక్ మీద రోజూ పొద్దున్నే కాలువ గట్ల మీద 25 కిలోమీటర్లు తొక్కుతాను. ఏడాదికి రెండుసార్లు ఫ్రెండ్స్‌తో మారేడుమిల్లి వెళ్తాం. నా బరువు 64 కిలోలు, టైర్లలో 50 పీఎస్ఐ గాలి కొడతాను. సైకిల్ ఫొటో కూడా పంపుతున్నాను. సైకిల్‌ని అప్‌గ్రేడ్ చేద్దామని ఉంది. ఎయిర్ ఫోర్క్ (గాలితో పనిచేసే ముందు సస్పెన్షన్) 30 వేలు, 12 స్పీడ్ గేర్ సెట్ 26 వేలు, ట్యూబ్‌లెస్ చక్రాలు 22 వేలు, డ్రాపర్ సీట్‌పోస్ట్ 14 వేలు. మొత్తం 92 వేలు. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామంటున్నారు. ఈఎంఐ పెట్టమంటారా, చీటీ పాడమంటారా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేనూ రాజమండ్రిలో పొద్దున్నే ఏటిగట్టు మీద తొక్కేవాణ్నే కాబట్టి మీ కోరిక నాకు బాగా అర్థమవుతుంది. రోజూ 25 కిలోమీటర్లు తొక్కే మనిషి సైకిల్ మీద డబ్బు పెట్టడం దుబారా అని నేను అనను. కానీ ఈ నాలుగు పార్టులూ ఇప్పుడు వద్దు. ఈఎంఐ వద్దు, చీటీ కూడా పాడొద్దు. మీ సైకిల్‌కి దాదాపు 23 వేలు పెట్టాల్సిన పని మాత్రం ఉంది. అందులో ఒక్కటీ మీ లిస్టులో లేదు!

ముందు మీ ఏడాదిని లెక్కేద్దాం. వారానికి ఆరు రోజులు తొక్కుతారనుకున్నా ఏడాదికి ఏడు వేల కిలోమీటర్లు దాటుతుంది. అందులో మారేడుమిల్లి కొండ మీద తిరిగేది రెండు ట్రిప్పులూ కలిపితే మహా అయితే 200 కిలోమీటర్లు. మిగతాదంతా గట్లు, పుంతలు, సిమెంటు రోడ్లు, చెరువు గట్ల మీద రేగడి మట్టి. మీ వైపు అన్నిటికన్నా పెద్ద ఎక్కుడు అంటే యానాం వెళ్లే ఎదుర్లంక బ్రిడ్జి అప్రోచే కదా. మీ లిస్టు మాత్రం ఆ 200 కిలోమీటర్ల కోసమే రాసినట్టుంది.

ఫోర్క్ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే నేను డబ్బు పోగొట్టుకున్నది అక్కడే. ఆరేళ్ల క్రితం ఆన్‌లైన్‌లో 22 వేలు పెట్టి ఎయిర్ ఫోర్క్ తెప్పించుకున్నాను. మెకానిక్ పాత ఫోర్క్ విప్పి, కొత్తది హెడ్ ట్యూబ్‌లోకి, అంటే ఫ్రేమ్ ముందు గొట్టంలోకి దూర్చబోతే కింద భాగం పట్టలేదు. నా ఫ్రేమ్ స్ట్రెయిట్ స్టీరర్‌ది, అంటే హ్యాండిల్ దాకా వెళ్లే ఫోర్క్ గొట్టం పైనా కిందా ఒకే లావు, 28.6 మిల్లీమీటర్లు. తెప్పించింది టేపర్డ్, కిందకి వచ్చేసరికి అంగుళంన్నర. పోనీ అది పట్టినా, కొత్త ఫోర్క్‌కి 15 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్ (హబ్ గుండా దూరే లావు ఇరుసు), నా ముందు చక్రం పాతకాలపు క్విక్ రిలీజ్‌ది (లివర్‌తో బిగించే సన్న ఇరుసు). చక్రమో, కనీసం హబ్బో మార్చక తప్పదు. వాపసు తీసుకోవడం కుదరదన్నారు. చివరికి 15 వేలకు అమ్ముకున్నాను.

సన్యాసి గోచీ కథ మీకు తెలిసిందే. ఎలుకలు గోచీ కొరుకుతున్నాయని పిల్లి, పిల్లికి పాల కోసం ఆవు, ఆవుని చూసుకోవడానికి పెళ్లాం. సైకిల్ పార్టులు అచ్చం అలాగే ఒకదాన్నొకటి లాక్కొస్తాయి. షిమానో 10-51 పళ్ల 12 స్పీడ్ క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల సెట్) కావాలంటే, అది ఎక్కే వెనక హబ్ భాగం మైక్రో స్ప్లైన్ అనే రకం ఫ్రీహబ్ అయ్యుండాలి, మీ పాత వెనక చక్రం మీద అది ఎక్కదు. మీరు ట్యూబ్‌లెస్ చక్రాలు కూడా లిస్టులో రాసింది బహుశా షాపువాళ్లు ఈ మాట చెప్పబట్టే అయ్యుంటుంది. స్ట్రెయిట్ స్టీరర్‌కి సరిపడే ఎయిర్ ఫోర్కులు లేకపోలేదు. కానీ 34 వేల ఫ్రేమ్‌కి 30 వేల ఫోర్క్ వేశాక, రేపు సైకిల్ అమ్మేటప్పుడు ఆ 30 వేలకు ఎవరూ విలువ కట్టరు.

గేర్ల లెక్క మీరే వేసుకోండి. మీరు పంపిన ఫొటోలో ముందు రెండు పళ్ల చక్రాలు, 36, 22. వెనక 11 నుంచి 34 పళ్ల 9 స్పీడ్ క్యాసెట్. అన్నిటికన్నా తేలిక గేర్‌లో పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 22 బై 34, అంటే 0.65 చుట్టు తిరుగుతుంది. మీరు కొనాలనుకుంటున్న సెట్‌లో ముందు 32, వెనక 51 పెడితే 0.63. కొండెక్కేటప్పుడు ఈ తేడా మీ మోకాలికి తెలియను కూడా తెలియదు. పై గేర్ చూసినా అంతే, ఇప్పుడు 3.27, కొత్తదానిలో 3.2. ముందు గేర్ మార్చే పని తగ్గుతుంది, చైన్ తక్కువ ఎగురుతుంది, అది నిజమే. ఆ సుఖానికి 26 వేలు ఎక్కువ. పైగా 9 స్పీడ్ చైన్, క్యాసెట్ చవక. బురదలో ఏడాదికి రెండు చైన్లు అరగ్గొట్టే మీలాంటివాళ్లకి ఆ తేడా ఏటా మిగులుతుంది.

డ్రాపర్ పోస్ట్ నిటారుగా దిగే రాళ్ల దారుల్లో సీటు దించుకోవడానికి. దాని గురించి ఇంతకన్నా రాయక్కర్లేదు.

ట్యూబ్‌లెస్ విషయంలో కొంచెం తటపటాయించాను. గట్ల మీద తుమ్మ ముళ్లు నాకూ తెలుసు, ముల్లు చేసిన కన్నాన్ని తనంతట తానే మూసే ద్రవం, సీలెంట్, ఉంటే నిజంగానే ప్రాణానికి హాయి. కానీ మన ఎండలకి ఆ సీలెంట్ రెండు మూడు నెలల్లో ఆరిపోతుంది, మళ్లీ పోయాలి, ఏడాది పొడుగునా చిన్న చిన్న ఖర్చు. వాల్వ్ కోర్ ఊడొచ్చే రకం ట్యూబులు దొరుకుతాయి. వాటిలో అదే సీలెంట్ పోసుకుంటే చిన్న ముళ్లకి చాలావరకు సరిపోతుంది, చక్రాలు మార్చే పని ఉండదు.

ఇక ఆ 23 వేలు ఎక్కడ పెట్టాలో చెబుతాను.

మొట్టమొదట బ్రేకులు. మీవి కేబుల్ డిస్క్ బ్రేకులు. ఉప్పుగాలికి, చెరువు గట్ల బురదకి కేబుల్ లోపల తుప్పు పట్టి బిగుసుకుంటుంది. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగేటప్పుడు ప్యాడ్ అరిగేకొద్దీ లివర్ లోపలికి వస్తూనే ఉంటుంది, దారిలో దిగి బిగించుకోవాలి. హైడ్రాలిక్ (కేబుల్ బదులు ఆయిల్‌తో పనిచేసేది) అయితే ప్యాడ్ అరుగుదలని అదే సర్దుకుంటుంది. ముందూ వెనకా కలిపి బిగింపుతో 8 వేలు పెట్టుకోండి. కొనేటప్పుడు డిస్క్ మీద ‘రెసిన్ ప్యాడ్ ఓన్లీ’ అని చెక్కి ఉందేమో చూడండి. అలా ఉంటే మెటల్ ప్యాడ్లు వాడకూడదు. ఇసుక కలిసిన బురదలో రెసిన్ ప్యాడ్లు తొందరగా కరిగిపోతాయి కాబట్టి మీకు మెటల్ ప్యాడ్లు పట్టే డిస్కులే కావాలి.

తర్వాత టైర్లు, రెండూ కలిపి 5 వేలు. లావు టైరు మీద మోజు పడకండి. 2.1 లేదా 2.25 అంగుళాలవి, మధ్యలో గుబ్బలు పొట్టిగా, పక్కన కాస్త ఎత్తుగా, దూరం దూరంగా ఉన్నవి తీసుకోండి. గుబ్బలు దగ్గరగా ఉంటే తడి రేగడి వాటి మధ్య గారెపిండిలా అంటుకుపోయి, వంద గజాలు వెళ్లేసరికి చక్రం ఫోర్క్‌లో తిరగదు. మీ బరువు 64 కిలోలని రాశారు. గట్టు మీద ముందు 28, వెనక 32 పీఎస్ఐ గాలితో మొదలుపెట్టి, అటూ ఇటూ మార్చి చూసుకోండి. ఇప్పుడు మీరు కొడుతున్న 50 దగ్గర ఏ ఫోర్క్ వేసినా చేతులు జివ్వుమంటూనే ఉంటాయి. మీకు ఎయిర్ ఫోర్క్ కావాలనిపించడానికి సగం కారణం ఈ గాలే అని నా అనుమానం.

హెల్మెట్, గ్లోవ్స్, ముందూ వెనకా లైట్లకి 5 వేలు. తెల్లవారుజామున ఇసుక ట్రాక్టర్లు, చేపల వ్యాన్లు తిరిగే రోడ్డు మీద వెనక ఎర్ర లైటు లేకుండా ఒక్కరోజు కూడా వెళ్లొద్దు. మీకు రెండేళ్ల పాప ఉంది.

డీరైలర్ హ్యాంగర్ ఒకటి స్పేర్ కొనండి, కొన్ని వందల్లో వస్తుంది. వెనక గేర్‌ని ఫ్రేమ్‌కి కలిపే అల్యూమినియం ముక్క అది. కోనసీమ దారుల్లో రాలిన కొబ్బరి మట్ట ఒక్కటి స్పోకుల్లో ఇరుక్కుంటే ముందు విరిగేది అదే. ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ ఆకారం వేరు, కాబట్టి మీ మోడల్‌దే తెప్పించుకోవాలి. మీ టూల్ పౌచ్‌లో దీన్ని మించిన బీమా లేదు. చైన్లు రెండు, ఆయిల్, హ్యాంగర్ కలిపి 3 వేలు. పాత ఫోర్క్ విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టించడానికి 2 వేలు.

చైన్ గురించి ఒక్కమాట. ఇంట్లో స్టీలు స్కేలు ఉంటే చాలు. చైన్ తుడిచి, ఒక పిన్ను మధ్య సున్నా పెట్టి చూడండి. కొత్త చైన్‌లో 12 అంగుళాల గీత సరిగ్గా ఇంకో పిన్ను మధ్యకి వస్తుంది. ఆ పిన్ను గీత దాటి ఒకటిన్నర మిల్లీమీటరు ముందుకి జరిగిందంటే చైన్ మార్చాలి. ఇంకొన్నాళ్లు లాగుదామనుకుంటే అది క్యాసెట్ పళ్లనీ కొరికేస్తుంది, వెయ్యితో పోయేది నాలుగైదు వేలవుతుంది. గట్టు మీంచి రాగానే పాత లుంగీ గుడ్డతో చైన్ తుడిచి, లింకుకో చుక్క ఆయిల్ వేసి, పైన మిగిలింది మళ్లీ తుడిచేయండి. ఓడలరేవు, అంతర్వేది వైపు వెళ్లొచ్చిన రోజు మంచినీళ్లతో కడగకుండా ఇంట్లో పెట్టొద్దు.

ఇప్పుడు డబ్బు. నో కాస్ట్ ఈఎంఐ అంటే వడ్డీ లేదని కాదు. ఆ వడ్డీని ముందుగా డిస్కౌంట్ రూపంలో తగ్గిస్తారు. కానీ బ్యాంకు వేసే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. బ్యాంకు 15 శాతం వేస్తే మీ 92 వేల మీద ఆ జీఎస్టీయే 1,270 రూపాయల దాకా అవుతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరే. నగదు ఇస్తే వచ్చే తగ్గింపు ఎలాగూ పోతుంది. అసలు బాధ అది కాదు. మీకు నెలకి మిగిలేది 11,800. ఈఎంఐ 7,667 పోతే 4,133 చేతిలో ఉంటుంది. అందులో సంక్రాంతి, పాప జ్వరం, బండి ఇన్సూరెన్స్ అన్నీ సర్దాలి. ఒక్క నెల తప్పి క్రెడిట్ కార్డు బాకీ మిగిలితే నూటికి మూడు రూపాయల పైన వడ్డీ. గోల్డ్ లోన్‌కి మూడింతలు!

చీటీ ఇప్పుడు పాడితే వేలం తగ్గింపు కింద కొంత వదులుకోవాలి. 6 నెలలు ఓపిక పట్టి ఆఖర్న తీసుకుంటే కమిషన్ పోను 95 వేలు చేతికొస్తాయి. ఈలోగా మీ 11,800ని ఇలా విడదీయండి. గోల్డ్ లోన్ అసలులోకి 3 వేలు. బ్యాంకులో ఉన్న 45 వేలకి తోడు నెలకి 4 వేలు, అది ఆరు నెలల ఇంటి ఖర్చు అయ్యేదాకా ముట్టుకోవద్దు. సైకిల్ కోసం 3 వేలు, విడిగా ఒక ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్). మిగిలిన 1,800 టర్మ్ ఇన్సూరెన్స్‌కి. ఇంట్లో ముగ్గురు మీ మీదే ఆధారపడి ఉన్నారు, మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. ఆరోగ్యం బాగుండి పొగ అలవాటు లేకపోతే కోటి రూపాయల పాలసీ ప్రీమియం ఇందులో సరిపోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ కూడా లేదు. అలాగే బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా పెట్టించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే లేదా పూర్తి వైకల్యం వస్తే 2 లక్షలు. రోడ్డు మీద సైకిల్ తొక్కే ప్రతి మనిషికీ ఇది ఉండాలి.

ఆరు నెలల్లో గోల్డ్ లోన్ అసలు 1,02,000కి దిగుతుంది. చీటీ డబ్బు 95 వేలు అందులో వేస్తే మిగిలేది 7 వేలు. ఆ తర్వాత కూడా నెలకి 3 వేలు కడుతూ పోతే మూడు నెలల్లో మీ ఆవిడ బంగారం ఇంటికొస్తుంది. అప్పటికి సైకిల్ కోసం పక్కన పెట్టింది మొత్తం 27 వేలవుతుంది. కానీ హెల్మెట్, లైట్లు, ముందు బ్రేకు ఆగేవి కావు. వాటిని మొదటి మూడు నెలల 3 వేలతో ఒక్కొక్కటిగా కొనేయండి. టైర్లు వానలు మొదలయ్యేలోగా, మిగతావి తర్వాత. షాపులో బిల్లు అడగండి. సైకిళ్లు, వాటి విడిభాగాల మీద జీఎస్టీ అదే 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత రేటు వేశారేమో చూసుకోండి.

అప్పు తీరాక చీటీ 5 వేలు, వడ్డీ 1,200, అసలులోకి కట్టే 3 వేలు కలిపి నెలకి 9,200 ఖాళీ అవుతాయి. అందులో సగం పాప పేరున మ్యూచువల్ ఫండ్ ఎస్‌ఐపీకి వెళ్లాలని నా కోరిక. మిగతా సగానికి సైకిల్ ఆర్‌డీ 3 వేలు కలిపితే నెలకి 7,600. ఏడాదికి 91 వేలు. మీరు ఇవాళ అప్పు చేయబోతున్నదీ ఇంచుమించు అంతే. అప్పుడు పార్టులు కొనకండి, పూర్తి సైకిల్ కొనండి. ఎయిర్ ఫోర్క్, టేపర్డ్ హెడ్ ట్యూబ్, త్రూ యాక్సిల్స్, హైడ్రాలిక్ బ్రేకులు అన్నీ ఒకదానికొకటి సరిపడేలా వస్తాయి. కంపెనీలు పార్టుల్ని టోకున కొంటాయి కాబట్టి విడివిడిగా కొన్న ధర కన్నా బాగా తక్కువలో పడుతుంది. ఇప్పుడున్నది బురద రోజులకి, చెరువుల దగ్గర డ్యూటీకి ఉంచుకోండి.

బ్రేకులు ఆర్డర్ పెట్టేముందు ఒక పని చేయండి. ఫ్రేమ్ మీద, ఫోర్క్ మీద బ్రేక్ బిగించే బోల్టుల మధ్య దూరం, ఇప్పుడున్న డిస్కుల సైజు టేపుతో కొలిచి, ఫొటోలు తీసి షాపువాళ్లకి పంపండి. వాళ్లు సరిపోతుందని రాసి ఇచ్చాకే డబ్బు కట్టండి.