చిన్నీకి, సంతకం పెట్టేముందు

చిన్నీ,

బెంగళూరు పీణ్యాలో షెడ్డు అద్దెకు తీసుకున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల సీఎన్‌సీ లేత్, అదే కంప్యూటర్‌తో నడిచే లోహపు విడిభాగాల మిషన్, పెడుతోందంటే గుండె నిండిపోయింది. "పనంతా ఒక్క కంపెనీయే ఇస్తుందట" అని మురిసిపోతూ చెప్పాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, మొదటి బిల్లుకు ముందే చేయించు. రేటు, డబ్బు ఇచ్చే గడువు పీవోలో, అదే వాళ్ళిచ్చే కొనుగోలు ఆర్డరు కాగితంలో, రాయించుకో.

ఇక నా సంగతి విను. చెన్నై అంబత్తూరులో నా షెడ్డు పనిలో 90 శాతం ఒక్క కంపెనీదే. వాళ్ళ నోటిమాట నమ్మి అప్పు చేసి రెండో మిషన్ కొన్నాను. చిన్న పార్టీలను నేనే వదులుకున్నాను. నా నెత్తిన బ్యాంకు కిస్తీ ఉందని తెలిసిన మరుసటి నెలే వాళ్ళు రేటు తగ్గించమన్నారు. పర్చేజ్ మేనేజర్ ఒకరోజు నన్ను గేటు దగ్గర మూడు గంటలు కూర్చోబెట్టాడు. లోపలికి పిలిచాక ఐదు నిమిషాల్లో పీసుకు రెండు రూపాయలు తగ్గించి సంతకం పెట్టొచ్చాను.

డబ్బు నాలుగు నెలలకు వచ్చేది. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా డబ్బు ఇచ్చే గడువు 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే 'బ్యాంక్ రేటు'కు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. అన్నీ తెలిసీ నోరెత్తలేదు. ఇలాంటి బాకీల ఫిర్యాదులు వినే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తే మర్నాడు ఆర్డర్ ఉండదు, నాకు చెప్పుకోదగ్గ ఇంకో కస్టమర్ లేడు.

ఆ కోపం ఎవరి మీద తీర్చుకున్నానో తెలుసా? నా పీసులకు తుప్పు పట్టకుండా జింక్ ప్లేటింగ్ పూత వేసిపెట్టే పెద్దాయన బిల్లు నేనూ నాలుగు నెలలు ఆపాను. ఆయన వచ్చి బయట బల్ల మీద కూర్చుంటే, లేనని కుర్రాడితో చెప్పించాను. కూతురి కాలేజీ ఫీజు కోసం వచ్చాడని తర్వాత తెలిసింది. ఆ బల్ల ఇప్పటికీ కళ్ళముందు ఉంటుంది.

నువ్వు చిన్నప్పటి నుంచీ మొండిదానివి, ఈ ఒక్కసారి విను. మూడోవంతుకు మించి పని ఒక్కరి దగ్గర తీసుకోకు. లాభం తక్కువైనా చిన్న పార్టీలను పట్టుకో. రెండో మిషన్ ఊసు ఇప్పుడే ఎత్తకు. ప్లేటింగ్ వాళ్ళ డబ్బు మాత్రం వారం వారం ఇచ్చెయ్ తల్లీ.

అగ్రిమెంటు నాకు వాట్సాప్‌లో పంపు. వాళ్ళ ఆఫీసుకు వెళ్ళే రోజు ముందే చెప్తే బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేస్తాను. అత్తయ్య ఆవకాయ కట్టిస్తానంటోంది. గేటు దగ్గర ఎంతసేపు కూర్చోబెట్టినా నీ పక్కన నేనుంటాను.

మీ మామయ్య