పానా పట్టబోతున్న మేనకోడలికి

చిట్టీ,

కారు స్పార్క్ ప్లగ్గులు షెడ్డులో ఇవ్వకుండా ఈ ఆదివారం అపార్ట్‌మెంట్ పార్కింగులో నువ్వే మార్చుకుంటానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "మీ మేనకోడలే కదా, మీరే చెప్పుకోండి" అని నా మీదకి తోసేసింది. చెబుతాను గానీ వద్దని మాత్రం చెప్పను. ఆటోనగర్లో మామయ్య వెనకాల షెడ్డు నడుపుతుంటే ముందు స్పేర్ పార్టుల కౌంటర్లో కూర్చున్నదాన్ని, కుర్రాళ్లు ఎగ్గొట్టిన రోజున చీర చెంగు దోపుకుని పానా పట్టినదాన్ని, నిన్ను ఏ నోటితో వద్దంటాను? మా కోడలుపిల్ల బానెట్ ఎత్తుతోందని పక్కింటావిడకీ, పాలబ్బాయికీ అప్పుడే చెప్పేశాను కూడా. తీరా ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. ఫోన్‌లో చెబితే సగం విని "సరే అత్తా, సరే సరే" అంటావు, అందుకే రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. ప్లగ్గులు ఎందుకు మారుస్తున్నావు? పొద్దున స్టార్టింగ్ ట్రబులా, పికప్ తగ్గిందా, లేక వీడియో చూసి సరదా పుట్టిందా? సరదా అయినా తప్పులేదు. మామూలు నికెల్ ప్లగ్గు 30, 40 వేల కిలోమీటర్లు వస్తుంది, ఇరిడియం మొన ఉన్నదైతే లక్ష దాకా లాగుతుంది. నీ పాత స్విఫ్ట్‌కి ఏవి వేయాలో, ఎప్పుడు మార్చాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం కవరు కూడా విప్పకుండా డాష్‌బోర్డు అరలో పడి ఉంటుందని నాకు తెలుసు, తీసి చదువు. మధ్యమధ్యలో మంట అందక మిస్సింగ్ కొడుతూ ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం ఆదివారం దాకా ఆగుదాంలే అని తిప్పకు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. దాని ఖరీదు ముందు ప్లగ్గుల ఖర్చు ఏపాటిది! ఇంకోటి, మిస్సింగ్ తప్పు ప్లగ్గుకి కరెంటు పంపే కాయిల్‌ది కూడా కావచ్చు. అనుమానం ఉన్న కాయిల్‌ని పక్కదానితో మార్చి చూడు. మిస్సింగ్ కూడా దానివెంటే పోతే ప్లగ్గుని తిట్టకు.

కొనడం గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, కౌంటర్ మనిషిని కదా. మా రోజుల్లో పాత ప్లగ్గుని పేపరు ముక్కలో చుట్టి జేబులో వేసుకొచ్చేవాళ్లు. "ఇలాంటిదే మైకో ప్లగ్గు ఇవ్వండమ్మా" అని బల్ల మీద పెట్టేవాళ్లు. నేను రెండూ పక్కపక్కన నిలబెట్టి మర పొడుగు చూసి, పింగాణీ మీద నంబరు చదివి ఇచ్చేదాన్ని. ఆ నంబరులోనే అంతా ఉంటుంది: మర లావు, పొడుగు, ఎంత వేడికి పనికొస్తుంది అన్నీ. పొడుగు ఎక్కువైన ప్లగ్గు వేస్తే లోపల పిస్టన్‌కి తగలొచ్చు. "ఇది కూడా పట్టేస్తుందండీ" అనే షాపతన్ని నమ్మకు. పట్టడం వేరు, సరిపోవడం వేరు. ఆన్‌లైన్లో సగం ధరకి వస్తోందంటే అసలు నమ్మకు, ప్లగ్గుల్లో వచ్చినన్ని డూప్లికేట్లు ఇంకెందులోనూ చూడలేదు నేను. చేతికి తీసుకుని చూడు: మరల మీద గోరు నడిపితే గరుకు తగలకూడదు, వాషర్ దానంతటది ఊడి రాకూడదు, మధ్య కడ్డీ పక్కకి ఒరిగి ఉండకూడదు. బిల్లు తీసుకో. ప్లగ్గు సాకెట్ కూడా అక్కడే కొని, కొత్త ప్లగ్గుకి తొడిగి చూసుకో. 16 అనీ 14 అనీ సైజులుంటాయి. లోపల రబ్బరో అయస్కాంతమో ఉన్నది తీసుకుంటే ప్లగ్గు తను కూర్చునే గొయ్యిలోంచి జారకుండా పైకి వస్తుంది.

దారిలో గానీ ఇంట్లో గానీ ప్లగ్గు కింద పడిందా, దాన్ని పక్కన పడేసి ఇంకోటి కొనుక్కో. పింగాణీలో పగులు కంటికి కనిపించదు, 20 వేల వోల్టులకు మాత్రం దారి కనిపిస్తుంది. నిప్పురవ్వ దూకే ఆ మొన దగ్గరి గ్యాప్ కంపెనీవాళ్లే పెట్టి పంపుతారు, అయినా ఫీలర్ గేజితో, అంటే సందు కొలిచే సన్నని రేకులతో, పుస్తకంలో ఉన్న అంకెకి సరిచూడు. ఇరిడియం అయితే గేజిని సన్నని మొన మీద ఆనించి నొక్కకు, విరుగుతుంది.

ఇక పని. తాళంచెవి తీసి జేబులో వేసుకో. బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయి. చేతి గాజులు, ఉంగరాలు, మెడలో గొలుసు తీసి మీ అమ్మకిచ్చి మరీ కిందికి దిగు. చాదస్తం అనుకున్నా ఫర్వాలేదు, బ్యాటరీకీ బాడీకీ మధ్య బంగారు గాజు ఆనితే ఎలా కాలుతుందో నేను చూశాను. చున్నీ వద్దు, జుట్టు ముడి వేసుకో. కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా రేడియేటర్ ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది.

కాయిల్ కనెక్టర్ లాక్ నొక్కి లాగు, వైరు పట్టుకుని మాత్రం లాగకు. ఏళ్ల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది, సముదాయించి తీయాలి. కాయిల్‌ని పట్టుకున్న 10 నంబరు బోల్టు విప్పి, కాయిల్‌ని అటూ ఇటూ కాస్త తిప్పి పైకి తీయి. ప్లగ్గు కదిలించే ముందు ఆ గొయ్యిలోకి గాలి కొట్టు. సైకిలు పంపు చాలు. అక్కడ చేరిన ఇసుక లోపలికి రాలిందంటే సిలిండర్ గోడని గీరుతుంది. నాలుగూ ఒకేసారి విప్పి వరస పెట్టకు. ఒకటి విప్పు, ఒకటి బిగించు, తర్వాతే రెండోది.

అన్నిటికంటే ముఖ్యం: ఇంజన్ చల్లగా ఉండాలి. రాత్రంతా ఆగిన బండి అయితే మంచిది. ఈ మాట వెనక ఒక కథ ఉంది, మీ నాన్న నీకెప్పుడూ చెప్పి ఉండడు. నా దగ్గర ఒట్టేమీ వేయించుకోలేదు కాబట్టి నేను చెప్పేస్తున్నాను.

1997లో సంగతి. నీకు ఏడాది నిండబోతోంది. నీ పేరున అన్నవరంలో వ్రతం చేయిస్తానని మా అమ్మ మొక్కుకుంది. మా తమ్ముడు అప్పుడే సెకండ్‌హ్యాండ్ మారుతి 800 కొన్నాడు. దాన్ని తుడిచినన్నిసార్లు నిన్ను కూడా ఎత్తుకోలేదేమో. బయల్దేరే ముందు రోజు సాయంత్రం పెట్రోలు కొట్టించుకుని, నా కౌంటర్ దగ్గర ఆగి ప్లగ్గులు తీసుకున్నాడు. మామయ్య ఊళ్లో లేరు. "తెల్లవారుజామునే కుర్రాణ్ణి పంపిస్తాను, వాడు వేస్తాడులే" అన్నాను. ఫిజిక్సు లెక్చరర్ గారు కదా, "ఇందులో ఏముందక్కా, మర తిప్పడమేగా" అని నవ్వి వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లగానే మొదలుపెట్టేశాడు. ఇంజన్ ఇంకా సెగలు కక్కుతోంది. చెయ్యి కాలుతుంటే గుడ్డ చుట్టుకుని మరీ విప్పాడట. ప్లగ్గులు దిగే ఇంజన్ పైభాగం, అదే హెడ్డు, అల్యూమినియం, వేడి మీద మెత్తబడి, సాగి ఉంటుంది. ఆ స్థితిలో ఉక్కు ప్లగ్గుని లాగితే పాత మరలు కూడా ఊడి వస్తాయి. అదృష్టం బాగుండి విప్పడం వరకూ ఏమీ కాలేదు. రెండు కొత్త ప్లగ్గులు బాగానే ఎక్కాయి. మూడోది ఒక చుట్టు కూడా తిరక్కుండానే బిగుసుకుంది. చేత్తో సులువుగా దిగాల్సిన ప్లగ్గు మొదట్లోనే మొరాయించిందంటే వంకరగా పడిందన్నమాట. విప్పేసి మళ్లీ పెట్టుకోవాలి. ఈయన మాత్రం కొత్తది కదా, టైటుగానే ఉంటుందిలే అనుకుని పానా అందుకున్నాడు. పానాకీ లొంగకపోతే పెరట్లో పడి ఉన్న నీళ్ల పైపు ముక్క తెచ్చి పానా కాడకి తొడిగాడు. ఇక బలానికి కొదవేముంది? ప్లగ్గు కిర్రుమంటూ లోపలికి దిగింది. పాత మరల్ని కోసుకుంటూ తనకో వంకర దారి చేసుకుని మరీ దిగింది.

బండి స్టార్ట్ అయింది. చక్కగా నడిచింది కూడా. అప్పుడే మొండికేసి ఉంటే ఎంత బాగుండేది!

తెల్లారకముందే అందరం ఎక్కాం. మా అమ్మ ముందు సీట్లో, నేనూ మీ అమ్మా వెనక, నువ్వు నా ఒళ్లో. ఏలూరు దాటాం, భీమడోలు దాటాం. ఢామ్మని ఒక చప్పుడు, ఆ వెంటనే ఫట్ ఫట్ ఫట్‌మని ఒకటే మోత. నువ్వు కెవ్వుమన్నావు. బానెట్ ఎత్తి చూస్తే మూడో ప్లగ్గు బయటికొచ్చి వైరుకి వేలాడుతోంది. పట్టు లేని ప్లగ్గుని లోపలి మంట ఎగదన్నేసింది. నేను చెంగుతో పట్టుకుని చూశాను. మరల సందుల్లో మెరుస్తూ సన్నని అల్యూమినియం పీలికలు చుట్టుకుని ఉన్నాయి. ఒక్కోటీ గోటితో ఊడదీసి మీ నాన్న అరచేతిలో పెట్టాను. ఏమీ అనలేదు నేను. అనాల్సిన పని లేకపోయింది.

ఆర్టీసీ బస్సు ఎక్కి, నిలబడి, కొండకి చేరాం. వ్రతం బాగానే జరిగింది. మీ నాన్న ఆ ఆకుదొన్నెలో ప్రసాదం పట్టుకుని తినకుండా అలాగే కూర్చుంటే నువ్వు పాక్కుంటూ వెళ్లి రెండు చేతులూ అందులో పెట్టేశావు. ఆ రోజు మొదటిసారి అప్పుడే నవ్వాడు. బండిని ఆటోనగర్‌కి లాక్కొచ్చి హెడ్డు దించి, లేతు మీద పెద్ద మర కోసి, లోపల బుష్ వేసి, మళ్లీ పాత సైజుకి తెచ్చారు. ఒక్క ప్లగ్గుకోసం వేలు వదిలాయి. అప్పట్నుంచీ మీ నాన్న బానెట్ ఎత్తగా నేను చూడలేదు. వైపర్ నీళ్లు కూడా బంకులో పోయించుకుంటాడు. ఆదివారం "షెడ్డులో ఇచ్చెయ్యమ్మా" అని సణిగితే కసురుకోకు. ఆయనకి నీళ్ల పైపు గుర్తొస్తోందంతే.

కాబట్టి ప్లగ్గు ఎక్కించే ఆ నిమిషం నిదానం. జానెడు రబ్బరు గొట్టం, ప్లగ్గు తలకి బిగుతుగా పట్టేది, సంపాదించు. దాంతో పట్టుకుని గొయ్యిలోకి దించి, ముందు ఎడమకి తిప్పు. పచ్చడి సీసా మూత పెట్టేటప్పుడు వెనక్కి తిప్పితే మర కుదురుకున్నచోట 'టిక్'మంటుందే, అలాంటిది వేళ్లకి తెలుస్తుంది. అక్కణ్ణుంచి కుడికి తిప్పు. వంకర పడితే రబ్బరు గొట్టమే జారిపోతుంది, మరలు చెడవు. వేళ్లతోనే చివరిదాకా, వాషర్ ఆనేదాకా దిగాలి. మధ్యలో ఆగితే విప్పి మళ్లీ మొదలుపెట్టు. పదిసార్లయినా నిన్నెవరూ తొందరపెట్టరు.

ఆనాకే రాచెట్ పానా. ఎంత బలంతో బిగిస్తున్నామో చెప్పే టార్క్ రెంచి దొరికితే పుస్తకంలోని అంకె పెట్టుకో. మామూలుగా 12 మిల్లీమీటర్ల మరకి 15 నుంచి 20, 14 మిల్లీమీటర్ల దానికి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. రెంచి లేకపోతే వాషర్ ఉన్న కొత్త ప్లగ్గుకి వేళ్లతో ఆనాక అర చుట్టు, మహా అయితే ఇంకాస్త. వాషర్ నలగడం చేతికి తెలుస్తుంది, అక్కడితో ఆపు. "ఇంకొక్క పట్టు" అనే బుద్ధి మన ఇంటి రక్తంలోనే ఉంది, జాగ్రత్త. మరలకి గ్రీజు రాయమని వీడియోల్లో చెబుతారు. కొత్త ప్లగ్గులకి పూత ఉంటుంది, గ్రీజు వద్దు. అది రాస్తే మరీ సులువుగా తిరిగి తెలీకుండానే ఎక్కువ బిగిసిపోతుంది.

స్టార్ట్ చేశాక వణుకుతూ నడిస్తే కంగారుపడకు, ఏదో ఒక కనెక్టర్ టిక్కుమని కూర్చుని ఉండదు. ఆపి చూసుకో.

పాత ప్లగ్గుల్ని పారెయ్యకు. ఏది ఏ సిలిండర్‌దో స్కెచ్ పెన్నుతో నంబరు వేసి, మొనలు కనిపించేలా ఫోటో తీసి నాకు పంపు. లేత గోధుమరంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకొస్తోంది, రింగులో వాల్వు సీళ్లో చూపించుకోవాలి. తెల్లగా పాలిపోయి ఉంటే వేడెక్కిపోతోంది. నాలుగూ ఒకేలా ఉండి ఒక్కటే వేరుగా ఉందనుకో, ఆ ఫోటో ముందు పంపు. కళ్లజోడు పెట్టుకుని కూర్చుంటాను.

మీ నాన్న రానంటాడు గానీ రెండో ప్లగ్గు విప్పేసరికి లిఫ్టు దిగి నీ వెనక నిలబడతాడు, చూస్తూ ఉండు. వస్తే టార్చి పట్టుకోమను. పానా మాత్రం చేతికివ్వకు.

మీ అత్తయ్య