వారం వంటను వారాల పేర్లకు కట్టెయ్యకు

చిరంజీవి అమ్మాయికి,

సోమవారం ఇది, మంగళవారం అది అని ఏడు రోజులకూ పట్టిక రాసుకుంటే బుధవారానికల్లా చెదిరిపోతోందని రాశావు. తప్పు నీ ఓపికలో లేదు, పట్టికలోనే ఉంది. ప్రతి వంటనూ ఒక రోజుకు కట్టేస్తే, ఒక్క సాయంత్రం ఇంటికి ఆలస్యంగా చేరినా మిగతావన్నీ వెనక్కి జరుగుతాయి. ఈలోగా ఆకుకూర వాడిపోతుంది.

అందుకే రోజుల పేర్లు తీసెయ్. ఏడు రాత్రులకు ఐదు వంటలే రాసుకో. ఒక పూట మిగిలినవాటితో గడిచిపోతుంది, ఇంకో పూట ఖాళీగా ఉంచు. అనుకోని పని ఏది వచ్చినా ఆ ఖాళీలో సర్దుకుంటుంది. వంట పేరు పక్కన పట్టే సమయం కూడా రాయి: పావుగంట, అరగంట, గంట. ఐదింటిలో రెండైనా పావుగంటవి ఉండాలి. సాయంత్రం ఎంత ఓపిక ఉందో చూసుకుని వాటిలోంచి ఒకటి తీసుకుంటావు. కొత్త వంట వారానికి ఒకటి చాలు. రెండు మూడు పెట్టుకుంటే సగం వాడి వదిలేసిన పొట్లాలతో అల్మరా నిండిపోతుంది.

రోజు నీ ఇష్టమే కానీ, వరస మాత్రం కూరగాయ చెప్పినట్టు ఉండాలి. ఆకుకూరలు, పుట్టగొడుగులు మొదటి రెండు రోజుల్లో అయిపోవాలి. బీన్స్, కాలీఫ్లవర్ వారం నడుమకు ఆగుతాయి. క్యాబేజీ, క్యారెట్, దుంపలు చివరికి. పచ్చి చేపనో కోడిమాంసాన్నో రెండు రోజుల్లోపు వండవని తెలిస్తే తెచ్చిన రోజే ఫ్రీజర్‌లో పెట్టెయ్. పాడవుతుందేమోనని అనుమానం వచ్చాక పెడితే లాభం లేదు. గడ్డకట్టించడం వల్ల పాడవడం ఆగుతుందే తప్ప, పాడైంది బాగవదు.

సరుకుల చీటీ రాసేముందు ఫ్రిజ్, ఫ్రీజర్, అల్మరా మూడూ చూడు. పది నిమిషాల పని. ఐదు వంటల్లో రెండు ఇంట్లో ఉన్నవాటితోనే కుదరాలి, మిగతా మూడింటికే సరుకులు. ఉత్త ‘టమాటా’ అని కాకుండా ‘టమాటా 6’ అని లెక్కతో రాస్తే చెయ్యి అదుపులో ఉంటుంది.

సెలవురోజే వారానికి సరిపడా వండి పెట్టేసుకోమని చాలామంది చెబుతారు. నేను చెప్పను. వండింది ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి ఉంచకూడదు. పైగా అప్పటికే రుచి ఖాయమైపోయిన వంటను మార్చడానికి ఏమీ ఉండదు. దానికి బదులు సగం పని ముందు చేసుకో. శనగలు, రాజ్మా లాంటి గింజలు ఉప్పు మాత్రమే వేసి ఉడికించు. పులుపు ముందే పడితే గింజ మెత్తబడదు. అందులో సగం ఇవాళ కూరకు, సగం రెండ్రోజుల తరవాత సూప్‌కో సలాడ్‌కో. కారం, మసాలా వండే పూట వేస్తావు కాబట్టి, మనసు మారితే వంటా మారుతుంది. ఆకుకూర కడిగితే పూర్తిగా ఆరబెట్టి, పొడి గుడ్డలో చుట్టి పెట్టు. తడి మిగిలితే మర్నాటికే జిగురు కడుతుంది.

మిగిలినవాటి దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. వండిన గిన్నెను స్టవ్ మీదే వదిలెయ్యకు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి, వేడి 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటలోపే. లోతైన గిన్నెలో నడుమ వేడి గంటలకొద్దీ నిలిచిపోతుంది, సూక్ష్మజీవులు పెరిగేది అక్కడే. వెడల్పు డబ్బాల్లో మూడు నాలుగు వేళ్ల మందానికి మించకుండా సర్దితే త్వరగా చల్లారుతుంది. అన్నం విషయంలో ఇంకా కచ్చితంగా ఉండు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. బయట వదిలేసిన అన్నంలో అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. అన్నం మర్నాటికి అయిపోయేలా చూసుకో. ఏదైనా సరే తినే ముందు నడుమ కూడా పొగలు వచ్చేదాకా వేడిచెయ్, అదీ తినేంత మేరకే.

ప్రతి డబ్బా మీదా వండిన తేదీ రాయి. ఫ్రీజర్‌లో పెట్టే పులుసు, సూప్ లాంటివాటికి మూత కింద ఒక వేలెడు ఖాళీ వదులు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం పొంగుతుంది, నిండుగా పోస్తే గాజు పగులుతుంది. కరిగించడానికి బయట పెట్టకు, ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లోకి దించు.

ఫ్రిజ్ 4 డిగ్రీలు దాటకూడదు, ఫ్రీజర్ మైనస్ 18. పచ్చి మాంసం అన్నిటికన్నా కింది అరలో పెట్టు, కారినా దేనిమీదా పడదు. తలుపు అరలు అన్నిటికన్నా వెచ్చగా ఉంటాయి, అక్కడ పాలు వద్దు. కంటికి ఎదురుగా ఉన్న అరలో ఒక ట్రే పెట్టి ‘ముందు ఇవి’ అని రాయి. సగం కోసిన క్యాబేజీ, నిన్నటి కూర, తేదీ దగ్గరపడినవి అన్నీ అందులోకే. వంట ఎంచుకునే ముందు చూడాల్సింది ఆ ట్రేనే. వెనక మూలలోకి జరిగినవే చివరికి చెత్తబుట్టకు పోతాయి. ఆపిల్, అరటిపండ్లు ఎథిలీన్ అనే వాయువు వదులుతాయి, వాటి పక్కన ఆకుకూర తొందరగా పసుపెక్కుతుంది. దుంపలు, ఉల్లిపాయలు ఒకే బుట్టలో వెయ్యకు.

వంటగదిలో వస్తువుల్ని రకాన్ని బట్టి కాక పనిని బట్టి సర్దు. కోసే చోట కత్తి, పలక; స్టవ్ పక్కన నూనె, ఉప్పు, గరిటెలు. రోజూ వాడేవి నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులో ఉండాలి. కొత్త పొట్లం పాతదాని వెనక్కి వెళ్లాలి. చివరి పొట్లం విప్పినవాళ్లే సరుకుల చీటీలో రాయాలి, అది నీ ఒక్కదాని పని కాదు. మూత దొరకని డబ్బాలు తీసెయ్.

రెండు పూటల వంటకు సరిపడా పాడవని సరుకులు ఎప్పుడూ అల్మరాలో పక్కన ఉంచు, వాడిన వారమే మళ్లీ నింపు. ఐదు వంటల చీటీ ఫ్రిజ్ తలుపు మీద అంటించి, ఏది ఎక్కడుందో అందులోనే రాస్తే నువ్వు ఇంటికి చేరకముందే ఇంకొకరు స్టవ్ వెలిగించగలరు.

ఈ వారం ఐదు వంటల చీటీ, ట్రే ఈ రెంటితోనే మొదలుపెట్టు. అల్మరా జోలికి వచ్చే వారం వెళ్దువుగాని. వారాంతానికి ఏమేం పారేశావో నాలుగు ముక్కలు రాసి పంపు, ఏ వంట ముందుకు జరపాలో దాన్నిబట్టి చెప్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ