ఆక్సిజన్ 98 ఉంది, మరి అమ్మకు శక్తి ఏదీ?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మకు 63 ఏళ్లు, షుగర్ లేదు. ఆ మధ్య యూరిన్ ఇన్ఫెక్షన్‌తో చలిజ్వరం వచ్చి బాగా నీరసపడితే, మా వీధిలో ఆర్ఎంపీ గారు గ్లూకోజ్ బాటిళ్లు ఎక్కించారు. మర్నాటికి మాట తడబడింది, నన్నే గుర్తుపట్టలేదు. వెంటనే విజయవాడ తీసుకెళ్తే సెప్సిస్ అన్నారు. మానిటర్ మీద ఆక్సిజన్ 98 కనిపిస్తుంటే లాక్టేట్ 4.6 ఉంది, సీరియస్ అంటారు. షుగర్ 240 అయింది. ఇప్పుడు ఇంటికొచ్చింది గానీ బాత్రూమ్‌కి వెళ్లొస్తేనే ఆయాసం. మళ్లీ గ్లూకోజ్ ఎక్కించమంటారా?
- పేరు వద్దన్న పాఠకుడు, గుంటూరు

జవాబు: వద్దండీ, ఎక్కించకండి. అమ్మగారికి తక్కువైంది గ్లూకోజ్ కాదు.

వేలికి క్లిప్పు పెట్టి చూసే ఆ 98, రక్తంలో ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండి ఉందో మాత్రమే చెబుతుంది. ఆ ఆక్సిజన్‌ను కణం వాడుకుందా లేదా అన్నది అందులో తెలియదు. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఉంటాయి, ఆక్సిజన్ సాయంతో ఒక్క గ్లూకోజ్ అణువును పూర్తిగా వాడుకుంటే సుమారు 30 ఏటీపీలు (కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువులు) వస్తాయి, గుండె కొట్టుకోవడం దగ్గర్నుంచి కిడ్నీ వడపోత దాకా అన్నీ నడిచేది వాటి మీదే. సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్ మీద శరీరం చేసే పోరాటం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీయడం. ఆ క్రమంలో శరీరం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విపరీతంగా తయారుచేస్తుంది. దాంతో రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది. అంతటితో ఆగదు, మైటోకాండ్రియాలో చివరి మెట్టు దగ్గర ఆక్సిజన్ చేరాల్సిన చోట ఇదే వాయువు అడ్డంగా కూర్చుంటుంది. గ్లూకోజ్ సగంలో విరిగి పైరువేట్ అయ్యాక లోపలికి పంపే ఎంజైమ్ కూడా మందగిస్తుంది. ఇక కణానికి మిగిలేది మొదటి దశలో వచ్చే 2 ఏటీపీలే, లోపలికి పోలేని పైరువేట్ లాక్టేట్‌గా మారి రక్తంలో పేరుకుంటుంది.

లాక్టేట్ పెరగడానికి ఇదొక్కటే కారణం కాదు. రక్తప్రసరణ తగ్గినా, ఒత్తిడిలో అడ్రినలిన్ ఎగసినా, లివర్ సరిగా శుభ్రం చేయలేకపోయినా పెరుగుతుంది. మామూలుగా 2 లోపు ఉండాలి. ఐసీయూలో దాన్ని పదేపదే చూసేది అందుకే, ఒక్కసారి వచ్చిన అంకె కంటే అది దిగుతోందా లేదా అన్నదే ముఖ్యం.

2002లో లండన్ పరిశోధకులు ఐసీయూలో ఉన్న సెప్సిస్ రోగుల తొడ కండరం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. తర్వాత చనిపోయినవాళ్ల కండరంలో ఏటీపీ, బతికినవాళ్ల కంటే బాగా తక్కువగా ఉంది. ఇంకో విషయం నాకు చాలా ధైర్యాన్నిస్తుంది: సెప్సిస్‌లో పనిచేయడం మానేసిన కిడ్నీ, గుండెల్లో కణాలు ఎక్కువ భాగం చచ్చిపోయి ఉండవు. ప్రాణం నిలుపుకోవడానికి పని తగ్గించుకుని ఉంటాయని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. అందుకే డయాలసిస్ దాకా వెళ్లి బతికి బయటపడ్డవాళ్లలోనూ చాలామందికి కిడ్నీలు మళ్లీ పనిచేస్తాయి.

షుగర్ 240 సంగతి. ఒత్తిడి హార్మోన్లు లివర్ నుంచి గ్లూకోజ్‌ను రక్తంలోకి తోసేస్తాయి, ఇన్సులిన్ మాట కణాలు వినవు. అంటే ఒంట్లో గ్లూకోజ్ అప్పటికే పొంగి ఉంది. పైగా అరలీటరు 5 శాతం బాటిల్‌లో ఉండేది 25 గ్రాములు, అంటే రెండు ఇడ్లీల పాటి శక్తి. ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్ బీపీ నిలపడానికి, నీరసానికి కాదు. మన దగ్గర నీరసమంటే చాలు బాటిల్ పెట్టించుకుంటాం, ఆ కాసేపు ఊరటగానే ఉంటుంది, కానీ పడాల్సిన యాంటీబయాటిక్ ఆలస్యమవుతుంది. నన్ను బాధపెట్టేది అదే.

ఇప్పటి ఆయాసానికి పెద్ద కారణం కండరం కరిగిపోవడం కావొచ్చు. కొత్త మైటోకాండ్రియా, కొత్త కండరం రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఒకసారి గుండె, హిమోగ్లోబిన్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించండి. కిడ్నీ బాగుందంటే రోజూ గుడ్డు, ముద్దపప్పు, పెరుగు, తినేవాళ్లయితే చేప పెట్టండి. మంచం నుంచి గుమ్మం దాకా నడిపించండి, తట్టుకుంటే వరండా దాకా. మళ్లీ వణుకుతో జ్వరం, వేగంగా ఊపిరి, మాట తేడా, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి, ఇంతకుముందు సెప్సిస్ వచ్చిందని డ్యూటీ డాక్టర్‌కు ముందే చెప్పండి.