కుక్కల బండి ఎక్కించుకుపోయిన మా బుజ్జిని తెచ్చుకోవడం ఎలా?

ప్రశ్న: మా బుజ్జి నాటు జాతి కుక్క. పిల్లగా ఉన్నప్పటి నుంచీ మా ఇంట్లోనే పెరిగింది. మొన్న స్నానం చేయించడానికి మెడపట్టీ తీశాం. గేటు తెరిచి ఉండటంతో వీధిలోకి వెళ్లింది. సరిగ్గా అప్పుడే వచ్చిన మున్సిపాలిటీ బండి వీధికుక్కలతో పాటు దాన్నీ తీసుకుపోయింది. ఆఫీసులో అడిగితే ‘లైసెన్సు లేదు, అది మీదేనని రుజువేంటి?’ అంటున్నారు. మేం రోజూ అన్నం పెట్టే రెండు వీధికుక్కలు కూడా అదే బండిలో వెళ్లాయి. వాటిని మళ్లీ ఇక్కడ వదలొద్దని, ఊరవతల ఎక్కడైనా వదిలేయమని కాలనీ అసోసియేషన్ వాళ్లు చెప్పారట. మేం ఏం చేయగలం? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు బుజ్జి సంగతి చూడండి. ఆఫీసు చుట్టూ తిరగకుండా కుక్కలను ఉంచిన కేంద్రానికే ఈరోజే వెళ్లండి. రకరకాల వీధికుక్కల మధ్య ఉంటే పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులు అంటుకునే ప్రమాదం ఉంది. పైగా వీధికుక్క అనుకుని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేసేయవచ్చు. అక్కడి డాక్టరును కలిసి, ఇది పెంపుడు కుక్క అని కాగితం మీద రాసిచ్చి, మీరు రుజువులు చూపించేదాకా విడిగా ఉంచమని అడగండి.

లైసెన్సు లేనంత మాత్రాన కుక్క మీది కాకుండా పోదు. టీకాల పుస్తకం, పశువైద్యుడి బిల్లులు, ఫోన్‌లో ఉన్న పాత ఫొటోలు, ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు వారి సంతకాలు, ఇవన్నీ రుజువులే. లైసెన్సు తీసుకోనందుకు మీ ఊరి నిబంధనల ప్రకారం జరిమానా ఉంటే వాదించకుండా కట్టేసి రసీదు తీసుకోండి. రేబిస్ టీకా సర్టిఫికెట్ జతచేసి అప్పుడే లైసెన్సుకు దరఖాస్తు కూడా పెట్టండి. ఈ విషయంలో తప్పు కొంత మీ వైపూ ఉంది. టీకాలు, ఆపరేషన్ లాంటి పెంపుడు జంతువు బాధ్యతలన్నీ యజమానివేనని జంతు జనన నియంత్రణ నిబంధనలు, 2023 స్పష్టంగా చెబుతున్నాయి.

మీ కేసు మొత్తానికి కీలకం ఆ నిబంధనలే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం వాటిని 2023 మార్చి 10న ప్రకటించింది. అంతకుముందు 2001 నిబంధనలు ఉండేవి. 2023 నిబంధనల ప్రకారం బండి వచ్చి దొరికిన కుక్కనల్లా ఎక్కించుకుపోవడం కుదరదు. ఫలానా ప్రాంతంలో కుక్కలను పడుతున్నామని ముందుగా జనానికి తెలియజేయాలి. శిక్షణ ఉన్న సిబ్బందే వలతోనో చేతులతోనో, హింస లేకుండా పట్టాలి. పట్టుకున్న ప్రతి కుక్క మెడకూ నంబరున్న పట్టీ వేయాలి. ఆ నంబరుతో ఎక్కడ పట్టుకున్నారో, తర్వాత ఎప్పుడు, ఎక్కడ వదిలారో రికార్డు చేయాలి. అందుకే ‘మా కుక్క ఏది?’ అని మాత్రమే అడగకండి. ‘ఆ రోజు మా వీధిలో పట్టుకున్న కుక్కల రిజిస్టరు చూపించండి’ అని అడగండి. నోరులేని జీవానికి చట్టం ఇచ్చిన రక్షణ చాలావరకు ఆ రిజిస్టరులోనే ఉంది. అది సక్రమంగా రాసిన చోట కుక్క మాయం కాదు. రాయకపోతే, ఆ లోపాన్నే మీ ఫిర్యాదులో మొదట రాయండి.

ఇక ఆ రెండు వీధికుక్కలు. ఆపరేషన్ చేసి, టీకా వేసి, కోలుకున్నాక వాటిని పట్టిన చోటే వదలాలి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ, దాని చుట్టుపక్కల కుక్కలను షెల్టర్లకు తరలించి అక్కడే ఉంచాలని ఆదేశించినా, ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. రేబిస్ ఉన్నవి, ఉందని అనుమానం ఉన్నవి, మీదపడి కరిచే స్వభావం ఉన్నవి తప్ప మిగతా వాటిని పట్టిన చోటే వదలాలంది. కేసును దేశమంతటికీ విస్తరించింది. నవంబరు 7న ఇంకో మినహాయింపు వచ్చింది. బడులు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో పట్టిన కుక్కలను తిరిగి అక్కడ వదలకూడదు. ఆ తర్వాతి ఉత్తర్వులు ఏమైనా ఉంటే అవీ చూసుకోవాలి. మీరు రాసినదాన్ని బట్టి మీది మామూలు నివాస వీధి, ఆ కుక్కలు ఎవరినైనా కరిచాయని మీరు రాయలేదు. కాబట్టి వాటిని ఊరవతల వదిలించే అధికారం అసోసియేషన్‌కు లేదు, వాళ్లు చెప్పారని అలా చేసే అధికారం మున్సిపాలిటీకీ లేదు. తిండీ నీళ్లూ దొరకని చోట జంతువును వదిలేయడం 1960 చట్టంలోని 11వ సెక్షన్ కింద నేరం కూడా. మొదటిసారి నేరానికి ఆ చట్టంలో జరిమానా 10 నుంచి 50 రూపాయలే. అరవై ఏళ్లు దాటినా ఆ గరిష్ఠ మొత్తం పెరగలేదన్నది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. అయితే విషం పెట్టి చంపినా, అవయవాలు పోయేలా కొట్టినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. అలాంటిది జరిగితే వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేయండి.

అసోసియేషన్ వాళ్ల భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. చిన్నపిల్లలున్న ఇళ్లలో ఆ టెన్షన్ అబద్ధం కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా టీకా వేయించుకోవాలి. వీధిలో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టవద్దని, మున్సిపాలిటీ కేటాయించిన చోటే పెట్టాలని ఆగస్టు 22 ఉత్తర్వులో ఉంది. మీ గుమ్మం ముందు అన్నం పెట్టే అలవాటు మానేయండి. పిల్లలు ఆడుకునే చోటికి, గేట్లకు దూరంగా ఒక స్థలం చూపమని అసోసియేషన్‌తో కలిసే అర్జీ పెట్టండి. ఇలా చేస్తే వాళ్లలో సగం మంది మీ వైపు వస్తారు.

కుక్కలను ఉంచిన కేంద్రంలో సమాధానం దొరక్కపోతే మున్సిపల్ కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. స్థానికంగా ఈ పనులను పర్యవేక్షించే కమిటీకి అధ్యక్షుడు ఆయనే. సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల గడువుంటుంది కాబట్టి రికార్డుల కోసం అది వేయండి, బుజ్జి కోసం దాన్ని నమ్ముకోకండి. కుక్క అక్కడే ఉన్నా ఇవ్వకపోతే, లేదా ఎక్కడుందో చెప్పకపోతే, కమిషనర్‌కు ఇచ్చిన ఫిర్యాదు నకలుతో రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ (అధికారులను తమ పని చేయమని ఆదేశించాలని కోరే పిటిషన్) వేయవచ్చు. అలాంటి పిటిషన్‌లో కోర్టు ముందు ఉంచమని మొదట అడగాల్సింది ఆ రోజు రిజిస్టరునే.