మూడు మందులు మార్చినా ఫిట్స్ ఆగట్లేదు, గోలీలు ఆపేసి పసరు మందు పోయించాలా?

పాపకు నాలుగేళ్లు, ఫిట్స్ ఆగట్లేదు, అత్తగారోళ్లేమో గోలీలు బంద్ చేసి పసరు పోయిద్దామంటున్నారు అని రాశావు కదా చెల్లె. గోలీలు మాత్రం ఒక్కసారిగా ఆపకు. అట్లా ఆపితే ఫిట్ మీద ఫిట్ వచ్చి ఐసీయూ దాకా పోవచ్చు. తాయెత్తు కట్టిస్తామంటే కట్టించనీ, కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుంటామంటే మొక్కనీ, కానీ కడుపులోకి పోయేది ఏదైనా డాక్టర్‌కు చెప్పకుండా పోయొద్దు.

మాది హనుమకొండ. మా బాబుకు ఏడాది నిండకముందే జ్వరంలో మొదలైంది, ఒక పక్క చెయ్యి, కాలు కొట్టుకుంటూ ఎంతకీ ఆగేది కాదు. జ్వరం ఫిట్సే, పెద్దయితే పోతాయన్నారు. పోలేదు. వేన్నీళ్లతో తలస్నానం చేయించినా వచ్చేవి, ఎండాకాలమైతే ఇక చెప్పొద్దు.

ఫిట్స్ ఉన్న ముగ్గురిలో ఒకరికి మందులతో పూర్తిగా ఆగవు. సరిగ్గా ఎంచుకున్న రెండు మందులు, సరైన డోసులో వాడినా లొంగకపోతే మూడోదో నాలుగోదో పనిచేసే అవకాశం బాగా తగ్గిపోతుంది. ఫలానా డాక్టర్ చెయ్యి మంచిదంట అని వరంగల్, కరీంనగర్, హైదరాబాద్ తిరిగి ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కొత్త గోలీ రాయించుకునే బదులు, పిల్లల మెదడు డాక్టర్‌ను పట్టుకుని ఇవి ఏ రకం ఫిట్స్, ఎందుకొస్తున్నాయి, వీడియో ఈఈజీ (వీడియో తీస్తూ మెదడు తరంగాలను చూసే పరీక్ష), మంచి ఎమ్మారై, జీన్ టెస్ట్ అవసరమా అని గట్టిగా అడుగు.

మావాడి ఎమ్మారై నార్మల్. జీన్ టెస్టులో ఎస్‌సీఎన్1ఏ అనే జీన్‌లో తేడా ఉందని, ఇది డ్రావె సిండ్రోమ్, అంటే పసితనంలోనే మొదలై మందులకు ఒక పట్టాన లొంగని ఫిట్స్ జబ్బు అని తేలింది. ఈ పిల్లలకు కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, ఫినిటాయిన్ లాంటి ఫిట్స్ మందులే ఫిట్స్‌ను పెంచుతాయి. ఒక పెద్దాసుపత్రిలో మావాడికి చాన్నాళ్లు రాసింది అందులో ఒకటే, తగ్గట్లేదంటే డోసు పెంచుతూ పోయారు! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అది తీసేసి వాల్‌ప్రోయేట్, క్లోబజామ్ మీదికి మార్చాక కాస్త ఊపిరి పీల్చుకున్నాం.

మీ పాపది వేరే రకం కావచ్చు. మెదడులో ఒక్కచోటి నుంచే పుడుతున్నాయని తేలితే ఆపరేషన్ పనికొస్తుంది, తిరువనంతపురం శ్రీచిత్ర ఆసుపత్రిలో 1995 నుంచి చేస్తున్నారు. పేరు వినగానే భయపడకు, పనికొస్తుందో లేదో ముందు తేలనీ.

మేం ఫిట్స్ తగ్గడానికి కీటోజెనిక్ డైట్, అంటే కొవ్వు ఎక్కువ, పిండి పదార్థం బాగా తక్కువ ఉండే తిండి కూడా పెట్టాం. నూనె, వెన్న, గుడ్డు, పనీర్ అన్నీ గ్రాముల లెక్కన తూచి పెట్టాలి, అన్నం దాదాపు లేనట్టే. సిరప్‌లో చక్కెర కూడా లెక్కకొస్తుందని మందులన్నీ గోలీల్లోకి మార్పించారు. మలబద్ధకం, కిడ్నీలో రాళ్ల భయం ఉంటాయి కాబట్టి డాక్టర్, డైటీషియన్ లేకుండా యూట్యూబ్ చూసి మొదలుపెట్టొద్దు. ఫిట్స్ పూర్తిగా పోలేదు కానీ బాగానే తగ్గాయి. సంక్రాంతికి పక్కింటి పిల్లలు సకినాలు కరకరలాడిస్తుంటే వీడు వాళ్ల నోటి వంకే చూస్తాడు, మా అత్తమ్మ కొంగు చాటున ఒక ముక్క పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదులే.

ఇంట్లో ఫిట్‌ను ఆపే మిడాజోలం ముక్కు స్ప్రే ఉందా? లేకపోతే రేపే రాయించుకో. ఫిట్ మొదలవగానే గడియారం చూసి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలు పెడితే అయ్యేదేమీ లేదు. ఐదు నిమిషాలు దాటితే, లేదా డాక్టర్ మీకు ఎంత చెప్తే అప్పుడు, స్ప్రే కొట్టి 108కి ఫోన్ చేయాలి. మా ఇంట్లో అది తలుపు పక్కన మేకుకు సంచిలో వేలాడుతుంది, పెళ్లికి పోయినా, మేడారం పోయినా సంచి వెంటే. బాత్రూమ్ గడియ పీకేశాం. బతుకమ్మ రోజుల్లో డీజేలకు నిద్ర చెడితే తెల్లారి ఫిట్ వస్తుందని వాణ్ని మా అమ్మవాళ్ల ఊరికి తీసుకుపోతాం.

ఇంకోటి, ఉత్త ఫిట్స్‌కు వికలాంగుల సర్టిఫికెట్ దొరకడం కష్టం, 2016 చట్టంలోని 21 రకాల్లో మూర్ఛ విడిగా లేదు. ఎదుగుదల, తెలివి వెనకబడి ఉంటే మాత్రం ఆ సర్టిఫికెట్‌కు పెట్టు. దాంతో వచ్చే వికలాంగుల పింఛను మన తెలంగాణలో 2023లో నెలకు 4016 రూపాయలు చేశారు, మందుల షాపు బిల్లుకు అక్కరకొస్తుంది.

పాప వాడుతున్న మూడు మందుల పేర్లు, మొదటి ఫిట్ ఎన్నో నెలలో వచ్చింది, అప్పుడు జ్వరం ఉందా అన్నది నువ్వు రాయలేదు. రాయి. ఈసారి వచ్చినప్పుడు మీ ఆయనను ఫోన్‌లో వీడియో తీయమను, డాక్టర్‌కు మనం నోటితో చెప్పే దానికంటే అదే ఎక్కువ పనికొస్తుంది.