చిరునామా ఏ మజిలీలో మారింది?

చిరంజీవికి ఆశీస్సులు.

లోపలి మెయిల్ సర్వర్‌లో అంతా సవ్యంగానే ఉందనీ, లోపలికీ బయటికీ మధ్య మెయిళ్ళను చేరవేసే గేట్‌వే దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొన్ని మెయిళ్ళు తిరిగివస్తున్నాయనీ రాశావు. ఏ సెట్టింగ్‌నూ ముట్టుకోకముందే నువ్వు తేల్చుకోవలసింది ఒకటుంది: ఆ చిరునామా ఏ మజిలీలో మారింది? అది తెలియకుండా మార్చిన ప్రతి సెట్టింగూ రేపు నిన్నే తికమకపెడుతుంది.

ప్రతి మెయిల్‌కూ రెండు జతల చిరునామాలు ఉంటాయి. తెర మీద కనిపించే ఫ్రమ్, టూ అన్నవి హెడర్‌లోనివి, అంటే మెయిల్ పైభాగంలో రాసి ఉండే వివరాలలోనివి. సర్వర్లు తమలో తాము మెయిల్ ఫ్రమ్ (పంపినవారు), ఆర్‌సీపీటీ టూ (అందుకునేవారు) అనే ఆదేశాలతో చెప్పుకునేవి ఎన్వలప్‌లోనివి, అంటే ఉత్తరం పైకవరు లాంటి దానిలోనివి. బట్వాడా జరిగేది ఎన్వలప్‌ను బట్టే.

ఈ తేడా తెలిసి ఉండి కూడా నేను ఒకసారి రెండు రోజులు పోగొట్టుకున్నాను. మా లోపలి సర్వర్ ఒకటి పంపే మెయిళ్ళను, పంపినవారి డొమైన్ దొరకడం లేదంటూ బయటి సర్వర్లు తిప్పికొట్టేవి. హెడర్‌లో చూస్తే చిరునామా శుభ్రంగా ఉంది. సర్వర్‌కు చేత్తో ఆదేశాలు పంపే టెల్నెట్‌తో, మెయిళ్ళు అందుకునే గేట్‌వే 25వ పోర్టుకు కలిపి, ఆదేశాలు నేనే టైపు చేస్తే మెయిల్ చక్కగా వెళ్ళింది. చివరికి గేట్‌వే తన పనులు నమోదు చేసుకునే లాగ్ తెరిచాక గాని అసలు సంగతి బయటపడలేదు: చిరునామాను తిరగరాసే మా నియమం హెడర్‌ను మాత్రమే సవరిస్తోంది, ఎన్వలప్‌లో సర్వర్ సొంత పేరే, చివరి డాట్ లోకల్‌తో సహా, బయటికి పోతోంది. చేత్తో పరీక్షించినప్పుడు సరైన చిరునామా టైపు చేసింది నేనే గనక తప్పు కనబడలేదు. అందుకే ముందు లాగ్ చూడు, టెల్నెట్ ఆ తర్వాత.

తిరిగివచ్చిన మెయిల్‌ను మొదటి రెండు వాక్యాలు మాత్రమే చదివి వదిలేయకు. అందులో రిపోర్టింగ్ ఎంటీఏ, రిమోట్ ఎంటీఏ అనే వరుసలు ఉంటే (ఎంటీఏ అంటే మెయిల్‌ను చేరవేసే సర్వర్), తిరస్కరించిందెవరో, ఆ కబురు నీకు చేరవేసిందెవరో తెలుస్తుంది. ఒరిజినల్ రిసిపియెంట్ (మొదట రాసిన చిరునామా), ఫైనల్ రిసిపియెంట్ (చివరికి మిగిలిన చిరునామా) రెండూ ఉంటే నీ అదృష్టం. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే దారిలో చిరునామా ఎలా మారిందో అక్కడే కనిపిస్తుంది. సర్వర్ ఇచ్చిన సంకేతం 550 5.1.1 అంటే ఆ పేరుతో మెయిల్ పెట్టె లేదని. రిలే (మెయిల్‌ను ముందుకు చేరవేయడం) కుదరదంటూ 550 5.7.1 వస్తే, ఆ డొమైన్‌కు మెయిల్ తీసుకునే అనుమతి గేట్‌వేలో రాసి ఉందో లేదో చూడాలి. 4తో మొదలయ్యే సంకేతమైతే మెయిల్‌ను క్యూలో ఉంచి సర్వర్ మళ్ళీ ప్రయత్నిస్తుంది గనక తొందరపడనక్కరలేదు.

మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ మెయిల్ సర్వర్లున్న చోట, పెట్టెను కొత్త చోటికి మార్చిన తర్వాత పాత మెయిళ్ళకు జవాబిస్తే ఆ జవాబులు తిరిగివస్తుంటాయి. బౌన్స్‌లో, అంటే తిరిగివచ్చిన మెయిల్‌లో, ఐఎంసీఈఏఈఎక్స్ అని మొదలయ్యే పొడవాటి చిరునామా కనిపిస్తే గేట్‌వేను అనుమానించకు. అది పాత అంతర్గత చిరునామా. మొదటి ముక్కనూ దాని వెంటనున్న అడ్డగీతనూ, చివర ఎట్ గుర్తు నుంచి ఉన్న డొమైన్‌నూ తీసేసి, అండర్‌స్కోర్లను ఏటవాలు గీతలుగా (/), +20ని ఖాళీగా, +28, +29లను బ్రాకెట్లుగా మార్చి, వచ్చిన దాన్ని కొత్త పెట్టెకు ఎక్స్500 (ఎక్స్ఛేంజ్ లోపల వాడుకునే రూపం) చిరునామాగా చేర్చు.

మెయిల్ తిరిగి రాకుండా, చేరకుండా రెండు యంత్రాల మధ్య తిరుగుతోందేమో కూడా చూడు. మెయిల్ దాటిన ప్రతి సర్వర్ హెడర్‌లో చేర్చే రిసీవ్డ్ వరుసలను కింది నుంచి పైకి చదువు. అవే పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తుంటే, గేట్‌వే లోపలి సర్వర్‌ను ఎంఎక్స్ రికార్డులో (డొమైన్‌కు వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కు పోవాలో చెప్పేది) వెతుకుతోందనీ, ఆ రికార్డు గేట్‌వేనే చూపిస్తోందనీ అనుమానించాలి. గేట్‌వేలో ఉన్నది పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ అయితే, మెయిల్ ఏ సర్వర్‌కు పంపాలో రాసుకునే ట్రాన్స్‌పోర్ట్ పట్టికలో సర్వర్ పేరును చదరపు బ్రాకెట్లలో పెడితే ఎంఎక్స్ వెతకడం మానేస్తుంది.

టెల్నెట్ పరీక్షలో ఒక మెలిక ఉంది. గేట్‌వే 250, అంటే సరే, అన్నంత మాత్రాన ఆ పేరు ఉన్నట్టు కాదు; లోపలి జాబితాతో సరిచూడకుండానే తీసుకుని, సర్వర్ కాదన్నాక బౌన్స్ పంపే గేట్‌వేలు ఉన్నాయి. కాబట్టి ఉండే అవకాశమే లేని పేరు ఒకటి ఇచ్చి చూడు, దానికీ 250 వస్తే జాబితా తనిఖీ లేనట్టే. పంపినవారి చోట ఖాళీ కోణపు బ్రాకెట్లు పెట్టి కూడా ఒకసారి ప్రయత్నించు, ఎందుకంటే బౌన్సులు వచ్చేది ఆ రూపంలోనే.

ఒకే మెయిల్‌కు సంబంధించిన సర్వర్ లాగ్ వరుసనూ, గేట్‌వే లాగ్ వరుసనూ పక్కపక్కన పెట్టి నాకు పంపు. తిరిగివచ్చిన మెయిల్‌ను ఫార్వర్డ్ చేయకుండా అటాచ్‌మెంట్‌గా జతచేయి, లేకపోతే నాకు కావలసిన హెడర్లు దారిలోనే పోతాయి.

ఇట్లు,
మీ బాబాయి